అటుకులు బియ్యమేనా? అమ్మకపు పన్ను తీర్పులలో బజారు మాట

అటుకులు, మరమరాలు బియ్యం కిందికి వస్తాయా, రావా? ఈ ప్రశ్న 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అల్లాడి వెంకటేశ్వర్లు, తదితరులు ఒక పక్షం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండో పక్షం. తీర్పు ఇంగ్లీషులో ఉంది. అయినా అందులో అటుకులు, మరమరాలు అన్న తెలుగు మాటలు తెలుగు మాటలుగానే కనిపిస్తాయి.

అమ్మకపు పన్ను తీర్పులను న్యాయవాదులు, పన్ను అధికారులు, ఆడిటర్లు చదువుతారు. భాషను అధ్యయనం చేసేవారు వాటి జోలికి వెళ్ళడం అరుదు. ఆ తీర్పుల సంపుటాలు మన వ్యాపార పదజాలానికి ఒక పెద్ద నిధి అనీ, వాటిని చరిత్ర పత్రాలుగా చదవవలసి ఉందనీ మా అభిప్రాయం. వాటిలో రెండు ప్రశ్నలు పదే పదే వస్తాయి. పన్ను తప్పుగా వేశారనుకున్న వ్యాపారి ఏ కోర్టుకు వెళ్ళాలి అన్నది మొదటిది. ఇది సివిల్ ప్రొసీజరుకు చెందినది. తన సరుకును ఏ పేరుతో పిలవాలి అన్నది రెండోది. ఇది పన్ను చట్టానికి చెందినది. ఈ రెండింటినీ వేరువేరుగా చర్చించడం ఆనవాయితీ. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబే రెండో ప్రశ్న నడకను నిర్ణయించిందని ఈ వ్యాసంలో చూపదలచాము.

1. 1939 నాటి చట్టం

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది. దానివల్ల ఖజానాకు కలిగిన లోటును పూడ్చడానికి వెతికిన మార్గాలలో 1939 నాటి మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం ముఖ్యమైనది. ఏదో ఒక సరుకుకు పరిమితం కాకుండా సరుకులన్నిటికీ వర్తించే అమ్మకపు పన్ను మన దేశంలో రావడం అదే మొదలు.

అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా ఆంధ్ర, రాయలసీమ, బళ్ళారి, తమిళ జిల్లాలు, మలబారు, దక్షిణ కన్నడం కలిసి ఉండేవి. 1936లోనే ఒరిస్సాకు వెళ్ళిన గంజాం ప్రాంతానికి ఈ చట్టం వర్తించలేదు. అక్కడి తెలుగు వ్యాపారులు 1947 నాటి ఒరిస్సా చట్టం కిందికి వచ్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్ళారి మైసూరులో చేరినప్పుడు, ఒకే చట్టం కింద వ్యాపారం చేసుకుంటున్నవారు వేరు వేరు ప్రభుత్వాల కిందికి వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్‌కు 1957లో, మైసూరుకు అదే సంవత్సరం, మద్రాసుకు 1959లో కొత్త చట్టాలు వచ్చాయి. కాబట్టి 1940ల, 1950ల నాటి మద్రాసు తీర్పులు ఈనాటి మూడు నాలుగు రాష్ట్రాల ఉమ్మడి చరిత్ర.

చట్టానికి ఎదురైన తొలి పెద్ద పరీక్ష ఒక తెలుగు పేరుతోనే నమోదైంది. అది మద్రాసు రాష్ట్రానికి, బొడ్డు పైడన్న అండ్ సన్స్‌కు మధ్య నడిచిన వివాదం. పైడి అంటే బంగారం. పైడన్న, పైడమ్మ, పైడితల్లి అన్న పేర్లు ఉత్తరాంధ్రలో ఈనాటికీ వినిపిస్తాయి. ఆ సంస్థ వేరుసెనగ నుంచి నూనె, తెలికపిండి తీసి అమ్మేది. తయారుచేసినవాడు చేసే మొదటి అమ్మకం మీద వేసే పన్ను నిజానికి ఎక్సైజు సుంకమేననీ, దాన్ని వేసే అధికారం కేంద్రానిదే తప్ప రాష్ట్రానిది కాదనీ దాని వాదన. 1942లో ఫెడరల్ కోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ఎక్సైజు సుంకం సరుకు తయారైనందుకు పడేది. అమ్మకపు పన్ను అమ్మినందుకు పడేది. తయారైన సరుకును యజమాని అమ్మకుండా ఊరికే ఇచ్చివేసినా ఎక్సైజు సుంకం తప్పదు. అమ్మకం జరగలేదు కాబట్టి అమ్మకపు పన్ను మాత్రం ఉండదు. ఈ భేదం ఆ తర్వాతి పన్ను చట్టాలకు పునాది రాయి అయింది.

2. సివిలు కోర్టు తలుపు

సివిల్ ప్రొసీజర్ కోడు 9వ సెక్షను ప్రకారం, స్పష్టంగాగానీ పరోక్షంగాగానీ నిషేధం లేనంతవరకు, సివిలు స్వభావం గల దావాలన్నిటినీ సివిలు కోర్టు విచారించాలి. తన దగ్గర అక్రమంగా వసూలు చేసిన పన్నును తిరిగి ఇప్పించమని వ్యాపారి వేసే దావా సహజంగా ఇలాంటిదే. మునసబు కోర్టో, సబుకోర్టో తన ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉంటుంది. వకీలు తెలిసినవాడే అయి ఉంటాడు.

1939 చట్టంలో తర్వాత చేర్చిన 18-ఏ సెక్షను ఈ తలుపు మూసింది. చట్టం కింద జరిగిన పన్ను నిర్ధారణను రద్దు చేయమనిగానీ మార్చమనిగానీ, ఆ చట్టంలోనే చెప్పిన పద్ధతిలో తప్ప, ఏ కోర్టులోనూ దావా వేయరాదని దాని సారాంశం. అయితే చట్టం కింద జరిగిన నిర్ధారణ అంటే ఏమిటి? తప్పుగా చేసిన నిర్ధారణ కూడా చట్టం కింద చేసినట్టేనా?

ఇల్లూరి సుబ్బయ్యశెట్టి అండ్ సన్స్ కేసులో 1963లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు అవునని జవాబు చెప్పింది. వేరుసెనగ వ్యాపారం చేసే ఆ సంస్థ తన లావాదేవీలపై పన్ను పడదంటూ, కట్టిన మొత్తాన్ని తిరిగి కోరుతూ దావా వేసింది. అంతకుముందు ఆ లావాదేవీలను తానే రిటర్నులో చూపింది. పన్ను అధికారి ముందు ఈ అభ్యంతరం చెప్పలేదు. ఒక లావాదేవీపై పన్ను పడుతుందా లేదా అని తేల్చడం అధికారి పనిలో భాగమే. ఆ తేల్చడంలో పొరపాటు జరిగినా అది చట్టం కింద జరిగిన పొరపాటే. కాబట్టి సివిలు దావా చెల్లదు అని కోర్టు నిర్ణయించింది.

రెండేళ్ళకే మరో కోణం ముందుకు వచ్చింది. 1958లో గానన్ డంకర్లీ కేసులో, భవన నిర్మాణ కాంట్రాక్టులో వాడిన ఇటుక, సున్నం, ఇనుము వంటివాటిని సరుకుల అమ్మకంగా భావించి రాష్ట్రాలు పన్ను వేయరాదని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అంతవరకు అలాంటి పన్ను కట్టిన కాంట్రాక్టర్ల మాటేమిటి? కె.ఎస్. వెంకటరామన్ అండ్ కంపెనీ కేసులో 1965లో మెజారిటీ తీర్పు రాసినవారు కోకా సుబ్బారావు. రాజమండ్రికి చెందిన ఈయన 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రాజ్యాంగం ప్రకారం చెల్లని నిబంధన కింద వేసిన పన్ను చట్టం కింద వేసిన పన్ను కాదు, కాబట్టి దాన్ని తిరిగి కోరే దావాకు 18-ఏ అడ్డు రాదు అన్నది ఆ తీర్పు సారం.

ఈ రెండు ధోరణులనూ 1968లో ధులాభాయి కేసులో న్యాయమూర్తి హిదయతుల్లా ఏడు సూత్రాలుగా కూర్చారు. ఉజ్జయిని పొగాకు వ్యాపారుల దావా అది. నిబంధనే చెల్లనిదైతే సివిలు కోర్టుకు వెళ్ళవచ్చు. చెల్లే నిబంధనను అధికారి తప్పుగా వర్తింపజేస్తే, చట్టంలో తగిన అప్పీళ్ళు ఉన్నప్పుడు వాటి దారినే వెళ్ళాలి. ఆచరణలో తేలినది స్థూలంగా ఇదీ.

అటుకుల వ్యాపారి స్థితి దీన్నిబట్టి అర్థమవుతుంది. బియ్యం మీద పన్ను వేసే నిబంధన చెల్లనిదని అతను అనడం లేదు. అటుకులు ఆ మాట కిందికి వస్తాయని మాత్రమే అంటున్నాడు. మాటకు అర్థం చెప్పడంలో జరిగిన పొరపాటు చట్టం లోపలి పొరపాటే. కాబట్టి అతనికి మునసబు కోర్టు లేదు. అసెస్‌మెంటు అధికారి, ఆ పైన అప్పీలు అధికారి, ఆ పైన ట్రిబ్యునలు, అక్కడినుంచి హైకోర్టు. ఇదే అతని దారి.

3. తలుపుతో పాటు పోయినది

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సివిల్ ప్రొసీజర్ కోడు 137వ సెక్షను కింది కోర్టుల భాష గురించి చెబుతుంది. 18వ ఆర్డరు 5వ రూలు, అప్పీలుకు వీలున్న కేసులలో సాక్ష్యాన్ని ఆ కోర్టు భాషలో రాసుకోవాలని చెబుతుంది. మాట అర్థం గురించి దావా నడిచి ఉంటే దుకాణదారులు, మిల్లు పనివారు, కొనేవారు సాక్షులుగా బోనెక్కి, తమ భాషలో ఏ సరుకును ఏమంటారో చెప్పి ఉండేవారు. ఆ వాఙ్మూలాలు రికార్డులో నిలిచేవి.

పన్ను అప్పీళ్ళ దారి వేరు. ఆంధ్రప్రదేశ్ చట్టం 22వ సెక్షను ప్రకారం హైకోర్టు న్యాయ సంబంధమైన ప్రశ్నలను మాత్రమే పరిశీలించేది. చట్టంలోని మాటకు అర్థం ఏమిటన్నది అలాంటి ప్రశ్న. అక్కడ సాక్షులు ఉండరు. న్యాయమూర్తి చేతిలో ఇంగ్లీషు పట్టిక, ఇంగ్లీషు నిఘంటువు, పూర్వపు తీర్పులు ఉంటాయి. పైగా రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టుల, సుప్రీంకోర్టు వ్యవహారాలను సాధారణంగా ఇంగ్లీషులో నడపమంది.

ఈ లోటును ఎవరూ పట్టించుకోలేదని మేము అనడం లేదు. కోర్టులే దానికి ఒక మందు కనిపెట్టాయి. పన్ను పట్టికలోని సరుకుల పేర్లకు శాస్త్రార్థం కాక, వాటిని కొనేవారూ అమ్మేవారూ వాడుకలో ఇచ్చే అర్థమే తీసుకోవాలన్న సూత్రం అది. చట్టంలోని మాటలన్నిటికీ ఇది వర్తించదు. గానన్ డంకర్లీ కేసులో ‘అమ్మకం’ అన్న రాజ్యాంగపు మాటకు 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని పారిభాషికార్థమే తీసుకున్నారు. ఆ ఫలితాన్ని మార్చడానికి 1982లో 46వ రాజ్యాంగ సవరణ అవసరమైంది. సరుకుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి కోర్టు బజారు మాట విన్నది. ఒక తలుపు మూసిన చోట ఒక కిటికీ తెరిచింది. కానీ ఆ కిటికీ ఏ భాషలోకి తెరుచుకుంది?

4. ఆకు, కాయ, నూనె

మొదటి ఉదాహరణ అకోలాది. తమలపాకులు కూరగాయలా అన్నది 1961లో రామావతార్ బుధాయిప్రసాద్ కేసులో వచ్చిన ప్రశ్న. 1947 నాటి మధ్యపరగణాలు, బేరారు చట్టంలో కూరగాయలకు మినహాయింపు ఉంది. తమలపాకులకు వేరుగా ఉన్న మినహాయింపును తర్వాత తీసివేశారు. చెట్టుకు పుట్టినదంతా ఇంగ్లీషులో వెజిటబులే కదా అన్నది వ్యాపారి వాదన. పెరట్లో పండించి భోజనానికి వాడేవే కూరగాయలు, వృక్షశాస్త్రం చెప్పే అర్థం ఇక్కడ పనికిరాదు అన్నది కోర్టు జవాబు.

తెలుగులో ఈ వాదనకే తావు లేదు. మన సమాసంలో ప్రధాన పదం చివర ఉంటుంది. ఆకుకూర ఒక రకం కూర. తమలపాకు ఒక రకం ఆకు. ఆకూవక్కా అన్నప్పుడు ఆకు అంటే తమలపాకే. సుప్రీంకోర్టు ఎంతో తర్కించి చేరిన చోటికి మన పదనిర్మాణం ముందే చేరి ఉంది.

రెండోది మదురై నుంచి వచ్చింది. కొబ్బరికాయ తాజాపండా, కూరగాయా? 1985లో తిల్లై చిదంబర నాడార్ కేసులో సుప్రీంకోర్టు రెండూ కాదంది. ఇదీ ద్రావిడ భాషలవారికి ఆశ్చర్యం కలిగించదు. తెలుగులో కొబ్బరికాయ, టెంకాయ, తమిళంలో తేంగాయ్, కన్నడంలో తెంగినకాయి. అన్నిటిలోనూ కాయ ఉంది. మామిడికాయ మామిడిపండు అవుతుంది. కొబ్బరికాయ ఎంత ముదిరినా పండు కాదు. దేవుడి ముందు కొడతాం, తాంబూలంలో పెడతాం, పచ్చడి చేస్తాం. అయినా కూరగాయల బుట్టలో దాన్ని లెక్కించం. కాయకు, పండుకు ఒకే మాట ఉన్న ఇంగ్లీషులోనే అది చిక్కుప్రశ్న.

మూడోది కర్నూలు తుంగభద్ర ఇండస్ట్రీసు కేసు, 1960. హైడ్రోజను కలిపి గట్టిపరచిన వేరుసెనగ నూనె వేరుసెనగ నూనేనా అన్నది సమస్య. అవునంటే, దానికి కొన్న వేరుసెనగ విలువను టర్నోవరు నుంచి మినహాయించుకోవచ్చు. కాదని ఆంధ్ర హైకోర్టు అంది. సుప్రీంకోర్టు రెండు షరతులు పెట్టుకుంది: అది వేరుసెనగ నుంచి రావాలి, అది నూనె అయి ఉండాలి. గట్టిపడినంత మాత్రాన నూనె నూనె కాకుండా పోదు కాబట్టి రెండూ నెరవేరాయని వ్యాపారికి అనుకూలంగా చెప్పింది. ఇక్కడ బజారు మాట కంటే పదార్థ స్వభావమే ఎక్కువ పనిచేసింది. బజారులో డాల్డా అడిగినవాడికి వేరుసెనగ నూనె పోస్తే ఊరుకోడు. వాడుక సూత్రం అన్నిచోట్లా ఒకేలా నడవలేదనడానికి ఇది నిదర్శనం.

5. మళ్ళీ అటుకుల దగ్గరికి

ఇప్పుడు 1978 నాటి తీర్పు చూద్దాం. ఆంధ్రప్రదేశ్ చట్టం మొదటి షెడ్యూలులో బియ్యానికి వేరు పద్దు ఉంది. అటుకులు, మరమరాలు దాని కిందికి రావని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి, అవి కూడా బియ్యమేనని వ్యాపారులకు అనుకూలంగా నిర్ణయించింది. ఇంగ్లీషులో రైస్ అన్న మాటకు మామూలుగా ఉన్న వ్యాప్తిలో ఈ రెండూ ఇముడుతాయన్నది దానికి ఆధారం.

ఫలితం న్యాయమైనదే. అటుకులు, మరమరాలు పేదవాడి ఫలహారం. కానీ దారి మాత్రం విచిత్రమైనది. తెలుగులో వరి, వడ్లు, బియ్యం, నూకలు, అన్నం, అటుకులు, మరమరాలు, పేలాలు దేనికది వేరు మాట. రాయలసీమలో మరమరాలను బొరుగులు అంటారు. దుకాణానికి వెళ్ళి బియ్యం కావాలన్నవాడికి ఎవరూ అటుకులు పొట్లం కట్టరు. పద్దు తెలుగులో రాసి ఉండి, అర్థం తెలుగు బజారులో వెతికి ఉంటే వ్యాపారి ఓడిపోయేవాడు. ఇంగ్లీషు మాట విశాలమైనది కాబట్టి గెలిచాడు.

కన్నడంలో అయితే కథ మరోలా ఉండేది. అక్కడ అటుకులు అవలక్కి, మరమరాలు మండక్కి. రెండింటి చివరా అక్కి, అంటే బియ్యం, ఉండనే ఉంది. బళ్ళారిలో తెలుగు మాట్లాడే దుకాణదారు ఇంట్లో అటుకులనీ, గిరాకీతో అవలక్కి అనీ అంటాడు. ఒకే సరుకు ఒక మాటలో బియ్యం, ఇంకో మాటలో కాదు. అదే కర్ణాటక నుంచి వచ్చిన రఘురామశెట్టి కేసులో 1981లో సుప్రీంకోర్టు వడ్లు, బియ్యం వేరు వేరు సరుకులని చెప్పింది. దంచితే వడ్లు బియ్యమై వేరైపోయాయి. దంచినా వేయించినా బియ్యం మాత్రం బియ్యంగానే మిగిలింది.

ఇంకొక చిక్కు అనువాదంలో ఉంది. 1978 తీర్పులో అటుకులకు ఇచ్చిన ఇంగ్లీషు పేరు వేయించిన బియ్యం అనే అర్థం ఇస్తుంది. వడ్లను నానబెట్టి, వేయించి, దంచితే అటుకులు వస్తాయి. ఆ పేరు మధ్య దశను మాత్రమే చెబుతుంది. ఆకారాన్ని ఇచ్చే దంపును వదిలేస్తుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ప్రకటించిన మినహాయింపు పట్టికలో ఈ సరుకులు మళ్ళీ కనిపించాయి. ఈసారి వాటి పక్కన దేశీయ నామాలు కూడా చేర్చారు. మరమరాలకు మురి, దంచిన అటుకులకు చిరా, వేయించినదానికి ఖోయ్. ఖోయ్ అంటే మన పేలాలు. అంటే 1978లో అటుకులకు వాడిన ఇంగ్లీషు పేరు 2017కల్లా పేలాలకు మారిపోయింది. చుడా, ముఢి, ఖై అనడం ఎరిగిన బరంపురం తెలుగువారికి ఈ మాటలు వెంటనే తెలుస్తాయి. నెల్లూరు, హోసూరు వర్తకులకు తెలియవు.

6. అరువు తెచ్చుకున్న పట్టికలు

పట్టికలు ఒక చోట పుట్టి మరో చోటికి వెళ్ళడం కొత్తకాదు. యానాం కూడా భాగమైన పుదుచ్చేరి 1965లో ఒక చట్టం చేసి, 1959 నాటి మద్రాసు చట్టాన్నే తన చట్టంగా స్వీకరించింది. ఆ చట్టం అమలులోకి వచ్చే రోజుకు మద్రాసులో ఎలా ఉంటే అలా అన్నది షరతు. అంటే ఆలోపు మద్రాసు శాసనసభ చేసే మార్పులను చూడకుండానే ఒప్పుకున్నట్టు. 1967లో బి. శామారావు కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ దీన్ని కొట్టివేసింది. ఒక శాసనసభ తన బాధ్యతను మరో శాసనసభకు అప్పగించరాదంది. పుదుచ్చేరి 1967లో కొత్త చట్టం చేసుకుంది. శాసనాధికారాన్ని ఇంకొకరికి వదలకూడదని కోర్టు చెప్పింది. మాటలను ఇంకొక చోటినుంచి తెచ్చుకోవడంపై నిషేధం లేదు.

2017 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి.తో ఈ ప్రశ్నలు చాలావరకు అంతర్జాతీయ సంఖ్యాపట్టిక వైపు మళ్ళాయి. అందులో కొబ్బరికాయ 8వ అధ్యాయంలో, తినే పండ్లు, గింజల సరసన ఉంది. మదురై వ్యాపారి కేసులో పండు కాదనిపించుకున్న కాయ అంకెల వరుసలో పండ్ల పక్కన చేరింది. పట్టిక దేశమంతటికీ ఒకటైన కొద్దీ బజారు మాటకు చోటు తగ్గుతుంది.

ఈ కేసులలో పోరాడినది పన్ను డబ్బు కోసమే. అయినా ఆ డబ్బు ప్రతిసారీ ఒక మాట మీద ఆధారపడింది. ఆ మాటను దాన్ని వాడేవారి నోట విని, రాసి పెట్టే చోటు సివిలు దావా అయి ఉండేది. అది లేకపోయాక, వాడుకే ప్రమాణమని చెప్పిన కోర్టులకు ఆ వాడుకను తెలిపే ఆధారం చేతికి అందలేదు. అందించవలసిన బాధ్యతలో కొంత మనది, భాషను చదివేవారిది. వ్యవసాయం, చేనేత వంటి వృత్తుల మాటలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలు ప్రచురించింది. హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం బజార్లలో రెండు మూడు భాషల మధ్య నడిచే సరుకుల పేర్లకు అలాంటి పదకోశం రావలసి ఉంది. ఏ సరుకును ఎవరు, ఎవరితో, ఏ పేరుతో అంటారో ఊరి పేరుతో, సంవత్సరంతో సహా నమోదు చేస్తే, అది పండితుల బీరువాలోనే కాక పన్ను అధికారి బల్ల మీద కూడా పనికివస్తుంది.